కీమ్యాన్ గురుస్వామి

మా నాన్నకు దేవుడంటే నమ్మకం లేదు. అలాగని ఎవరితోనూ వాదన పెట్టుకునేవాడు కాదు. అమ్మ దీపం పెడుతుంటే పక్కగదిలో కూర్చుని పేపరు చదువుకునేవాడు. ప్రసాదం పులిహోర అయితే మాత్రం రెండోసారి అడిగి మరీ పెట్టించుకునేవాడు.

అలాంటి ఇంట్లో 1992 నవంబరు ఆఖర్లో నేను అయ్యప్ప మాల వేసుకుంటానన్నాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. భక్తి లేదని కాదు, ఉంది. కానీ నిజం ఒప్పుకోవాలంటే అందులో సగం నల్లబట్టల మీద మోజు, ఇంకో పావు కేరళ చూడాలన్న సరదా. మా తెనాలి వైపు అప్పటికే వీధికి ఇద్దరు ముగ్గురు స్వాములు కనిపించేవారు. తెల్లారుజామున చన్నీళ్ళ చప్పుడు, శరణుఘోష, సాయంత్రం భజనలు. చూసి చూసి నాకూ మనసైంది.

నాన్న పేపరు దించకుండానే అడిగాడు. “ఎవరితో వెళ్తావు?”

“కీమ్యాన్ గారి గుంపుతో.”

పేపరు కిందికి దిగింది. “ఆయన తీసుకెళ్తానన్నాడా?”

“అన్నారు.”

“అయితే వెళ్ళు.”

ఆ రాత్రి వంటింట్లో అమ్మతో అంటుంటే విన్నాను. “నేను వాళ్ళ స్వామిని నమ్మి పంపట్లేదు. ఆ కీమ్యాన్ని నమ్మి పంపుతున్నా.” అమ్మ చేతిలో పని ఆపకుండానే, “నేను ఇద్దర్నీ నమ్ముతున్నాలెండి, మీ వాటా కూడా కలిపి” అంది.

మా గురుస్వామి రైల్వేలో కీమ్యాన్. ఆ ఉద్యోగం సంగతి ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పట్టాలను స్లీపర్లకు బిగించి పట్టి ఉంచే ‘కీ’ అనే ఇనుపముక్కలు ఉంటాయి. రైళ్ళ అదురుకు అవి వదులవుతుంటాయి. కీమ్యాన్ రోజూ తన సెక్షన్ పొడవునా నడుచుకుంటూ వాటిని చూసుకోవాలి. భుజం మీద పొడవాటి సుత్తి, సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా, ప్రమాదం ఉందని డ్రైవరుకు తెలియడానికి పట్టా మీద పెట్టే పటాసులు. ఎండైనా వానైనా నడక తప్పదు. వదులైన కీని ఆయన చూసి కాదు, విని పట్టేవాడు. సుత్తితో తాటిస్తే బిగుతుగా ఉన్నది ఒకలా మోగుతుంది, వదులుది ఇంకోలా. నాకు రెండూ ఒకేలా వినిపించేవి.

ఆయన మొదటిసారి శబరిమల వెళ్ళింది 1979లో. నేను కన్నెస్వామిగా, అంటే మొదటిసారి మాల వేసినవాడిగా, వెళ్ళేనాటికి ఆయనకది పదిహేనో యాత్ర. పదిహేను సార్లూ ఎరుమేలి నుంచి అడవిదారినే, పెద్దపాదమే.

ఊళ్ళో ఇంకా గురుస్వాములు ఉండేవారు. వాళ్ళ పీఠాల దగ్గర మహిమలు చెప్పుకునేవారు. దారి తప్పితే నల్లకుక్క వచ్చి తోవ చూపించిందనో, ఏనుగు ఎదురొచ్చి శరణం వినగానే పక్కకు తప్పుకుందనో. వినడానికి ఒళ్ళు జలదరించేది. మా గురుస్వామి పీఠంలో అలాంటివేమీ ఉండేవి కావు. పూజయ్యాక ఆయన మాట్లాడేది ఎక్కువగా పాదాల గురించి. ఎవరి మడమ పగిలింది, ఎవరి గోరు పెరిగింది, ఎవరు చెప్పులు వదిలిన నాలుగో రోజుకే కుంటుతున్నారు. నాకు కాస్త నిరాశగా ఉండేది. ఇదేం గురుస్వామి, కాళ్ళ డాక్టరులా.

మాల వేసిన వారం నుంచి రోజూ సాయంత్రం మమ్మల్ని కాలవకట్ట మీద ఉత్త కాళ్ళతో నడిపించాడు. మొదట రెండు మైళ్ళు, తర్వాత నాలుగు, ఆఖర్లో నెత్తిమీద బియ్యం మూటలతో ఆరు. మేం పదమూడు మందిమి. కట్ట మీద వరసగా నల్లపంచెలతో, నెత్తిన మూటలతో పోతుంటే మా కాలేజీ వాళ్ళు సైకిళ్ళాపి నవ్వేవాళ్ళు.

“ఇదంతా ఎందుకు స్వామీ? అక్కడ అయ్యప్ప ఎక్కిస్తాడు కదా” అన్నానొకరోజు.

“ఎక్కిస్తాడు స్వామీ. ఆయన పని ఆయన చేస్తాడు. మన పిక్కల పని ఆయనకెందుకు అప్పజెప్పడం?”

దీక్షలో ఉన్నంతకాలం ఎవరైనా ఎవరినైనా స్వామీ అనే పిలవాలి. కోపమొచ్చినా అంతే. మా నాన్నకు ఇది పెద్ద చిక్కయింది. “ఒరే...” అని మొదలుపెట్టి, అమ్మ చూపు చూసి, “...స్వామీ, బాయిలరు కింద మంట తగ్గించు” అనేవాడు.

మా గుంపులో రైసుమిల్లు గుమస్తా ఒకాయన ఉండేవారు. యాభై దాటిన మనిషి, అంతకు రెండేళ్ళ ముందే షుగరు బయటపడింది. ఇంట్లో ఏదో మొక్కు ఉండి మాల వేసుకున్నారు. కొండకు నెత్తిన మోసుకెళ్ళే ఇరుముడి కట్టడానికి రెండు వారాల ముందు, మాటల్లో మాటగా ఎవరో అన్నారు, గుమస్తాస్వామి మాత్రలు మానేశారు, ఒంటిపూట భోజనం చేస్తున్నా మనిషి హుషారుగానే ఉన్నారు, అంతా స్వామి దయ అని. చుట్టూ ఉన్నవాళ్ళం శరణం కొట్టాం.

గురుస్వామి మాత్రం అనలేదు. హారతి పళ్ళెం కింద పెట్టి, “ఎప్పట్నించి మానేశారు స్వామీ?” అన్నాడు.

“మాల వేసిన రోజు నుంచి. ఇక స్వామే చూసుకుంటాడు. మాత్ర మింగితే నమ్మకం లేనట్టే కదా.”

“మీకు మందు రాసిన డాక్టరు గారిని అడిగారా?”

“ఆయన్నెందుకు అడగటం?”

గురుస్వామి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు. “నాకు కొండదారి తెలుసు స్వామీ. మీ ఒంటి సంగతి నాకు తెలియదు. తెలిసినాయన ఆయన. రేపు మనిద్దరం వెళ్దాం. ఆయన సరేనంటే ఇరుముడి కడతాను. లేకపోతే ఈ ఏడు మీ పేరు మీద నేను నెయ్యి తీసుకెళ్తా.”

గుమస్తా గారికి చాలా కోపం వచ్చింది. నా భక్తికి డాక్టరు సర్టిఫికెట్ కావాలా అన్నారు. పీఠంలో ఉన్న పెద్దవాళ్ళలో ఇద్దరు ఆయన వైపే మాట్లాడారు. నేనూ మనసులో ఆయన వైపే. గురుస్వామి అయ్యుండి, స్వామిని నమ్ముకున్న మనిషిని ఆసుపత్రికి లాక్కెళ్ళడమేంటి అనుకున్నాను. మర్నాడు ఇద్దరూ వెళ్ళారు, మాట మాట్లాడుకోకుండా, ముందొకరు వెనకొకరు. డాక్టరు రక్తపరీక్ష చేయించి, గుమస్తా గారిని గట్టిగానే చీవాట్లు పెట్టారట. మాత్రలు మళ్ళీ మొదలు. ఒంటిపూట బంద్, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తినాలి. కొండ ఎక్కొచ్చు, కానీ పక్కన మనిషి ఉండాలి, జేబులో పటికబెల్లం ఉండాలి.

పీఠంలో అందరి ముందూ గురుస్వామి చెప్పేశాడు, గుమస్తాస్వామికి నాలుగుపూటలా భిక్ష, ఎవరూ వంక పెట్టొద్దు అని. ఆ పక్కనుండాల్సిన మనిషిగా నన్ను పెట్టాడు. నాకు అది శిక్షలా అనిపించింది. మనసులో అనుకున్నది ఆయనకెలా వినిపించిందోనని కూడా అనిపించింది. వదులైన కీ చప్పుడు వినే చెవులు కదా.

ఇరుముడి కట్టిన రోజు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ముఖ్యంగా ఆ కొబ్బరికాయలు. పదమూడు కాయలూ ఆయనే ఎంచాడు, చెవి దగ్గర ఊపి, వేలితో తట్టి. పీచంతా తీసేసి, గాజుపెంకుతో నున్నగా గీకి, ఒక కన్ను పొడిచి నీళ్ళు వంచేశాడు. కాయను రాత్రంతా బోర్లించి ఉంచాడు, లోపల చుక్క కూడా మిగలకుండా. నీరుంటే నెయ్యి పాడవుతుందట. తెల్లారి నెయ్యి ఎవరి కాయలో వాళ్ళతోనే పోయించాడు. సన్నటి ధార, ఆపకుండా, శరణం చెప్పుకుంటూ. నా చెయ్యి వణికి నెయ్యి పెంకు మీదుగా కారింది. ఆయన నా మోచేతి కింద తన అరచెయ్యి పెట్టాడు. పట్టుకోలేదు, ఊరికే ఆనించాడు. ధార నిలబడింది. తర్వాత బిరడా బిగించి, మైనం కరిగించి మూసేశాడు. ముందుముడిలో నెయ్యికాయ, పూజాసామాను, వెనకముడిలో దారిబత్తెం. అమ్మ మూడు దోసిళ్ళ బియ్యం పోసింది. తర్వాత నాన్న వంతు వచ్చింది. ఆయన బియ్యం పోసి, గురుస్వామికేసి తిరిగి, నమస్కారానికీ చెయ్యి ఊపడానికీ మధ్యలో ఏదో చేశాడు.

విజయవాడలో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కొట్టాయంలో దిగాం. అక్కణ్ణించి బస్సులో ఎరుమేలి. పేటతుళ్ళి సంగతి చూడాల్సిందే గానీ చెబితే తెలిసేది కాదు. ఒంటినిండా రంగులు, చేతుల్లో ఆకుల రెమ్మలు, చెక్క కత్తులు, “స్వామి తింతకతోం, అయ్యప్ప తింతకతోం” అంటూ చిందులు. ముందు అయ్యప్ప స్నేహితుడు వావర్ పేరున్న మసీదు చుట్టూ తిరిగి అక్కడ కానుక వేసి, తర్వాత శాస్తా గుడికి. అంత చిందుల్లోనూ గురుస్వామి ఒక పొడుగు కర్రకు పసుపుగుడ్డ కట్టి పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. జెండా అలవాటు. జనంలో ఎక్కడ తప్పిపోయినా ఆ పసుపుగుడ్డ చూసుకుని వచ్చేయమన్నాడు. అది కూడా కనబడకపోతే పంబలో గణపతి గుడి మెట్ల దగ్గర, తెల్లారేదాకా కదలకుండా.

అడవి మొదలయ్యే చోటు పేరు పేరూరుతోడు. మలయాళంలో తోడంటే వాగట. మా గుమస్తాస్వామి బోర్డు చదివించుకుని, “మనకు తోడంటే తోడే స్వామీ” అని నా భుజం మీద చెయ్యేశారు. నవ్వొచ్చింది. ఆయనకు నా మీద కోపం లేదని అప్పుడే తెలిసింది.

అక్కణ్ణించి కాళకెట్టి, అళుదా నది. అళుదాలో మునిగి అడుగునుంచి ఒక్కో రాయి తీసుకుని, పైన కల్లిడుంకుండ్రు దగ్గర వేయాలి. అయ్యప్ప చంపిన మహిషి కళేబరాన్ని అక్కడ రాళ్ళతో కప్పారని కథ. రాయి తీసేటప్పుడు అందరూ పెద్దది తీయాలని చూస్తారు. గురుస్వామి నిమ్మకాయంత రాయి తీసుకున్నాడు. “ముందున్నది అళుదామేడు స్వామీ” అన్నాడంతే. గుండెంత రాయి తీసిన నేను సగం ఎక్కేసరికి సంగతి గ్రహించాను. నిటారు ఎక్కుడు, రాళ్ళూ వేర్లూ తప్ప మెట్లనేవి లేవు. ఆయన నడక చూస్తే చిరాకేసేది. అంత నెమ్మది. వందడుగులు వేసి, నిలబడి, పదమూడు అంకెలు వినేవాడు. మాకందరికీ నంబర్లిచ్చాడు, ఎవరి అంకె వాళ్ళు అరవాలి. నాది తొమ్మిది. పక్కనుంచి పిల్లాపాపలతో సహా జనం మమ్మల్ని దాటుకుపోతుంటే, వయసులో ఉన్న నాకు తలకొట్టేసినట్టుండేది.

ఆయన చెప్పే జాగ్రత్తలు మూడో నాలుగో. ఎక్కేటప్పుడు మాట్లాడొద్దు. దిగేటప్పుడు మోకాలు బిగపట్టొద్దు. వేరు మీద కాలు పెట్టొద్దు, వేరు పక్కన పెట్టు. వేలమంది పాదాలు తగిలి ఆ వేర్లు నూనె రాసినట్టుంటాయి. ఇంకొకటి, అది విన్నప్పుడు గుంపులో సగం మంది చెవులు మూసుకున్నారు. “కాలు జారితే ఇరుముడి వదిలేసి చేతులు నేలకు ఆనించండి. ఇరుముడి మళ్ళీ కట్టొచ్చు.”

రాత్రి ముక్కుళిలో తాటాకు పందిరి కింద పడుకున్నాం. శొంఠి వేసిన కట్టంచాయ్, పాలు లేని టీ, ఎన్ని గ్లాసులు తాగానో లెక్కలేదు. ఎక్కడో దూరంగా మందుగుండు పేలుతుండేది, ఏనుగులు దగ్గరికి రాకుండా. మర్నాడు కరిమల. కరి అంటే ఏనుగే, ఆ కొండ ఏనుగులదే. ఎక్కుడు ఒకెత్తు, దిగుడు పదెత్తులు. మధ్యాహ్నానికి పైకి చేరాం. గుమస్తాస్వామికి నీరసంగా ఉందని, పటికబెల్లం తినిపించి, పెరుగన్నం పెట్టి కూర్చోబెట్టారు. అరగంట అన్నది గంటైంది. తమిళ కుర్రాళ్ళ గుంపొకటి పాట పాడుకుంటూ దిగిపోతుంటే నా కాళ్ళాగలేదు. నా పనేమో గుమస్తా గారి పక్కన ఉండటం. “పంబలో కలుస్తా” అని పక్కవాడితో చెప్పి, గురుస్వామి చూడకుండా వాళ్ళ వెంట పడ్డాను.

స్వామి నాతో ఉన్నాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. ఈ మాట నాకు అక్షరాలా గుర్తుంది, ఎందుకంటే అది మనసులో అనుకుంటున్నప్పుడే జారాను.

చెట్టు వేరు. దాని మీదే కాలు పెట్టాను. పడేటప్పుడు రెండు చేతులతో ఇరుముడి పట్టుకున్నాను, కింద పడనివ్వకూడదని. చేతులు ఖాళీ లేకపోవడంతో బరువంతా ఎడమ చీలమండ మీద పడి అది మెలితిరిగింది. మోకాలు చీరుకుపోయింది. తమిళ కుర్రాళ్ళు పాపం ఆగి లేవదీసి కూర్చోబెట్టి, వాళ్ళ భాషలో ఏదో ధైర్యం చెప్పి వెళ్ళారు. నేనక్కడ ఒక బండ మీద, ఇరుముడి ఒళ్ళో పెట్టుకుని, గంటా పదినిమిషాలు కూర్చున్నాను. ఎన్నివేలమంది పోయారో. అందరూ నన్ను చూసి “స్వామియే శరణమయ్యప్ప” అన్నారు, నేనూ అన్నాను. అంత జనంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

పైన వంపులో పసుపుగుడ్డ కనిపించింది.

గురుస్వామి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. పాదం చేతిలోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే కదిలించి చూశాడు. తిడతాడనుకున్నాను. “వేరు మీద పెట్టారా స్వామీ?” అన్నాడు. తలూపాను. “చేతులెక్కడున్నాయి?” ఇరుముడి చూపించాను. ఆయన మొహంలో ఏదో కదిలింది, కోపం కాదు. భుజం మీది తుండు చించి, పాదం చుట్టూ ఎనిమిది అంకెలా బిగించి కట్టాడు. “విరగలేదు. విరిగితే వేళ్ళు ఇలా కదిలినప్పుడు మీ అరుపు వేరుగా ఉండేది.” పసుపుగుడ్డ విప్పి ఇంకొకరికిచ్చి ఆ కర్ర నాకిచ్చాడు. గుమస్తాస్వామి వచ్చి నా చంక కింద చెయ్యి వేశారు. ఆయనకు తోడుండాల్సిన నేను ఆయన భుజం మీద వాలి కరిమల దిగాను. పంబ చేరేసరికి రాత్రి పదకొండు. నా వల్ల అందరికీ ఆలస్యం. ఎవరూ ఒక్కమాట అనలేదు, అదే ఎక్కువ కష్టమనిపించింది.

నీలిమల, అప్పాచిమేడు, శబరిపీఠం, శరంగుత్తి. కన్నెస్వాములు తెచ్చిన బాణాలు శరంగుత్తిలో గుచ్చుతారు. ఏ ఏడు కన్నెస్వామి ఒక్కడు కూడా రాడో ఆ ఏడు మాళికాపురత్తమ్మను పెళ్ళాడతానని అయ్యప్ప మాటిచ్చాడట. ఆమె ఏటా శరంగుత్తి దాకా వచ్చి, ఆ బాణాలు చూసి వెనక్కి తిరుగుతుందట. నా బాణం కూడా గుచ్చాను. ఆమెను తలచుకుని కొంచెం బాధేసింది కూడా. పద్దెనిమిది మెట్లు ఒక్కొక్కటి లెక్కపెట్టుకుంటూ ఎక్కాలని ఇంటి దగ్గర్నుంచి అనుకున్నాను. మూడో మెట్టు దగ్గర ఒక పోలీసు చెయ్యి పట్టింది, ఇంకో చెయ్యి తోసింది, కళ్ళు తెరిచేసరికి పైనున్నాను. దర్శనం మూడు సెకన్లు. ఏం కోరుకోవాలో గుర్తు రాలేదు.

జ్యోతి రోజు, జనవరి 14న, మధ్యాహ్నం నుంచే గురుస్వామి చోటు వెతికాడు. అందరూ వాలు మీద, పొన్నంబలమేడు బాగా కనిపించే వైపు ఎగబడుతుంటే ఆయన మమ్మల్ని ఒక పెద్ద చెట్టు దగ్గర చదును నేల మీద కూర్చోబెట్టాడు. అక్కణ్ణించి కొమ్మల సందులోంచి చూడాలి. గొణిగాం. “వచ్చేదారి చూసుకుని కాదు స్వామీ, పోయేదారి చూసుకుని కూర్చోవాలి” అన్నాడు. దీపారాధన వేళకు చీకట్లో ఆ కొండ మీద వెలుగు మూడుసార్లు కనిపించింది. అన్ని లక్షల గొంతులు ఒక్కసారి శరణం అన్నాయి. నా ఒళ్ళు ఎప్పుడూ అలా జలదరించలేదు, ఇప్పటిదాకా మళ్ళీ లేదు కూడా.

ఆ తర్వాత అందరూ లేచారు. మేం లేవబోతే ఆయన కర్ర అడ్డం పెట్టాడు. “కూర్చోండి.” కింద మాట్లాడుకున్న వ్యాను పోతుందన్నాం. “పోనీ.” మర్నాటి రైలు పోతుందన్నాం. “పోనీ స్వామీ. భజన చేసుకుందాం.” మా ఎదురుగా జనం వరద కాలవలా పోతూనే ఉన్నారు. గుడి మూసేముందు పాడే హరివరాసనం అయ్యాక ఇంకో రెండు గంటలకు కర్ర తీశాడు. వ్యాను పోయింది. రిజర్వేషన్ పోయింది. మర్నాడు జనరల్ పెట్టెలో, నేను వాచిన కాలితో బాత్రూం పక్కన కూర్చుని, విజయవాడ దాకా ఆయన్ని తిట్టుకుంటూ వచ్చాను. నేనొక్కణ్ణే కాదు, గుంపులో చాలామంది పైకే అన్నారు. ఆయన కిటికీలోంచి ఎదుటి పట్టాలు చూసుకుంటూ కూర్చున్నాడు.

1995 తర్వాత ఆయన జ్యోతికి తీసుకెళ్ళడం మానేశాడు. జనం ఎక్కువైపోయారు, నా లెక్కకు అందట్లేదన్నాడు. డిసెంబరులోనే తీసుకెళ్ళి తీసుకొచ్చేసేవాడు. జ్యోతి చూపించని గురుస్వామి అని సగం మంది వేరే గుంపుల్లోకి పోయారు. పద్దెనిమిదో ఏడు కొబ్బరిమొక్క తీసుకెళ్ళి సన్నిధానంలో నాటినప్పుడు ఆయన వెంట ఆరుగురే ఉన్నారు. అందులో గుమస్తా గారొకరు.

1999 జనవరి 14 రాత్రి పంబ దగ్గర హిల్‌టాప్‌లో జ్యోతి చూసిన జనం ఒక్కసారిగా కదిలారు. మట్టికట్ట జారింది, తొక్కిసలాట. యాభైమందికి పైగా పోయారు. నేనప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. పండక్కి వచ్చి ఇంటి దగ్గరే ఉన్నాను. పేపరు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. నేను ముందే చెప్పాను అంటాడేమో అనుకున్నాను. ఆయన మొత్తం చదివాడు, పేర్లతో సహా, వేలు పెట్టుకుని. చదివి, పేపరు మడిచి, “పోయేదారి ఎవరూ చూపించలేదు వాళ్ళకి” అని లోపలికి వెళ్ళి స్నానం చేసి దీపం పెట్టాడు. 2011లో శబరిమల దగ్గరి పుల్‌మేడులో మళ్ళీ అదే జనవరి 14న, మళ్ళీ అదే రాత్రి, వందమందికి పైగా.

ఆ దుర్ఘటన తర్వాత కేరళలో పెద్ద చర్చ జరిగింది. పొన్నంబలమేడు మీద కనిపించే ఆ వెలుగు తనంతట వచ్చేది కాదు, మనుషులు వెలిగించేదేనని గుడిని నడిపే దేవస్వం బోర్డు వాళ్ళే ఒప్పుకున్నారు. నాకు చాలా కష్టంగా అనిపించింది. మా నాన్న ఏమీ అనలేదు, అదీ ఒక రకంగా గొప్పే. గురుస్వామిని ఫోనులో అడిగితే, “తెలుసు బాబూ” అన్నాడు. “ఆ అడవిలో, చీకట్లో, అంత పైకి కర్పూరం మోసుకెళ్ళి వేళకు వెలిగించేవాళ్ళు కూడా దారి తెలిసినవాళ్ళే అయ్యుంటారు.” ఇంకేం అడగాలో తోచలేదు.

రిటైరైన తర్వాత ఆయన రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ముప్పై ఏళ్ళకు పైగా పట్టాల పక్కన కంకర మీద నడిచిన మోకాళ్ళు మరి. 2014లో ఆపరేషన్‌కి ఆయన్ని నేనే హైదరాబాదు తీసుకొచ్చాను. డాక్టరు చిన్నవాడు, నలభై కూడా ఉండవు. ఎక్స్‌రే చూపించి అంతా వివరించాడు. గురుస్వామి అంతా విని చేతులు కట్టుకుని అడిగాడు.

“ఈ దారిలో మీరు ఎన్నిసార్లు వెళ్ళారు బాబూ?”

డాక్టరుకు అర్థం కాలేదు. నేను చెప్పాను, ఇలాంటివి ఎన్ని చేశారని అడుగుతున్నారని. ఆయన నవ్వి, ఈ ఏడాదే రెండొందలు దాటాయన్నాడు.

“ఓహో, అయితే మీరు గురుస్వామే” అన్నాడు మా గురుస్వామి. “ఇక మీరెలా చెబితే అలా.”

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు వచ్చి ఒంటి మీద ఏమీ ఉండకూడదంది. ఆయన మెడలో తులసిమాల ముప్పై అయిదేళ్ళుగా తీసింది లేదు. ఎలా చెప్పాలా అని నేను నసుగుతున్నాను. ఆయనే తల వంచి మాల తీసి, కళ్ళకద్దుకుని నా అరచేతిలో పెట్టాడు. పెట్టి, నా మోచేతి కింద తన చెయ్యి ఆనించాడు, ఒక్క క్షణం. వణుకుతోంది నా చెయ్యేనని అప్పుడు గమనించాను.

“జేబులో పెట్టుకో. బయటికి రాగానే అడుగుతా.”

మూడు గంటలకు బయటికి తీసుకొచ్చారు. మత్తు ఇంకా వదల్లేదు. కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపాడు.